నాలీ లోపలి నునుపు

అబ్బా మర్హూమ్‌కి హైదరాబాద్ పాతబస్తీలో చిన్న గడియారాల దుకాణం ఉండేది. ఏ గడియారం చేతికొచ్చినా ముందు స్క్రూల తలలు చూసేవారు. "బేటా, మొదట స్క్రూ చెప్పేది విను. దుకాణ్‌దార్ కిస్సా తర్వాత విందువు" అనేవారు. ఆ మాట పోయినేడు టెక్సాస్‌లో ఒక పాత సామాన్ల దుకాణంలో, బందూకు ముందు నిలబడ్డప్పుడు యాదికొచ్చింది.

భాయ్‌జాన్ దాని మీద దిల్ పారేసుకున్నాడు. కట్టిన చీటీ మీద "1857 సిపాయిల ఎన్‌ఫీల్డ్ రైఫిల్" అని రాసుంది. ఆవు కొవ్వు, పంది కొవ్వు తూటాల గొడవ ఆ రైఫిల్‌తోనే కదా మొదలైంది! కోఠీ రెసిడెన్సీ ముందు నుంచి పోయినప్పుడల్లా, 1857 జులై 17న దాని మీద దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల కిస్సా అబ్బా మాకు చెప్పేవారు.

"పిల్లలకి చూపిస్తా చోటూ, మన బుజుర్గులు ఎట్ల కొట్లాడిండ్రో" అన్నాడు భాయ్‌జాన్. ధర ఆయన రెండు నెలల ఇంటి కిరాయి.

"జర సబర్ చెయ్యండి భాయ్‌జాన్, చూద్దాం" అన్నాను.

పక్కనే ఇంకో రైఫిల్ వేలాడుతోంది, మార్టినీ-హెన్రీ రకం. దాని మీద తాజ్, కింద విక్టోరియా రాణి నిషాన్, తారీఖ్ 1906. రాణి ఇంతకాల్ అయ్యింది 1901లో! ఖైబర్ కనుమ పల్లెల్లో కారీగర్లు చేత్తో చేసే నకళ్ళ మీద ఇట్లాంటి తప్పులు దొరుకుతాయి. చెక్కేవాడికి ఇంగ్లీష్ రాకపోతే అక్షరాలు కూడా తిరగబడతాయి. ఆ దుకాణంలో చీటీలు నమ్మొద్దని నాకు అప్పుడే అర్థమైంది.

మా బందూకు దగ్గరికొచ్చాం. ఇజాజత్ అడిగి, మొదట అది ఖాళీగా ఉందో లేదో చూశాను. మూతి నుంచి మందు కూరే పాత బందూకుల్లో ఎప్పటిదో మందు అట్లాగే ఉండిపోవడం కద్దు. గజ్‌ని నాలీలోకి పూర్తిగా దింపి, మూతి దగ్గర వేలితో గుర్తు పట్టుకుని బయటికి తీసి, నాలీ పక్కన పెట్టి కొలిచాను. చివరిదాకా వచ్చింది. ఖాళీయే, అల్హందులిల్లా.

తర్వాత అబ్బా పాఠం. స్క్రూల గాళ్ళు చెదరలేదు, అంటే ఎవరూ ఎక్కువ కెలకలేదు. కుందా మీద నిషాన్లు అరిగినా నిలిచే ఉన్నాయి. గీకి పాలిష్ పట్టించి ఉంటే ముందు అవే పోయేవి, వాటితోపాటు ఖీమత్ కూడా. ఘోడాని సగం ఎత్తి లబ్‌లబీ నొక్కితే పడలేదు. తాళం ఠీక్‌గా ఉంది. నకలీ మాల్ కాదు.

కానీ తాళం పలక మీద తారీఖ్ 1860. గదర్ అప్పటికే అణిగిపోయింది. ఫోన్ లైటు వేసి నాలీలోకి చూశాను. 1853 ఎన్‌ఫీల్డ్ రైఫిల్ నాలీలో మూడు మెలిక గాళ్ళుండాలి. తూటాని తిప్పి, వందల గజాల దూరం గురి నిలిపేవి అవే. ఇందులో ఒక్కటీ లేదు, నున్నటి గొట్టం. లోపలి వెడల్పు 0.577 అంగుళాలు ఉండాల్సింది 0.656 దాకా ఉంది. దూరాన్ని బట్టి ఎత్తుకునే గురిపలక ఉండాల్సిన చోట కదలని చిన్న గాటు.

భాయ్‌జాన్ మొహం వాడిపోయింది. "అంటే ధోకానా?"

"బందూకు అసలైనదే భాయ్‌జాన్. చీటీయే ఝూట్."

గదర్ తర్వాత అంగ్రేజులకి హిందుస్తానీ సిపాయి మీద భరోసా పోయింది. ఫౌజ్‌లో ఉంచుకోక తప్పదు, మంచి రైఫిల్ చేతికిస్తే మళ్ళీ తమ మీదికే తిప్పుతాడేమోనని భయం. అందుకే చూడటానికి అచ్చం ఎన్‌ఫీల్డ్ లాగానే ఉండి, గాళ్ళు లేని నాలీ ఉన్న బందూకులు ఇచ్చారు. వంద గజాలు దాటితే వాటి గురి నమ్మలేం. గోరా సిపాయి చేతిలో మాత్రం రైఫిలే. భుజం భుజం కలిపి నడిచే ఇద్దరిలో ఒకడిది సగం బందూకు.

భాయ్‌జాన్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నాలీ మూతిలో వేలు పెట్టి తిప్పాడు. "ఈ నునుపే చూపిస్తా పిల్లలకి" అన్నాడు. బేరమాడి మూడో వంతు తగ్గించుకున్నాడు. రసీదు మీద '1859 నమూనా, గాళ్ళు లేని నాలీ' అని రాయించుకున్నాడు. ఐబ్ దాచిన సౌదాలో బర్కత్ ఉండదని ఆయనకీ అబ్బాయే నేర్పారు మరి.

ఒక్క మాట. 1898, అంతకుముందు తయారైన ఇట్లాంటి బందూకులకి అమెరికా ఫెడరల్ ఆయుధ చట్టంలో మినహాయింపు ఉంది. మన దగ్గర అట్లా కాదు. 1959 ఆయుధ చట్టం 45వ సెక్షన్ మినహాయించేది, మరమ్మతు చేసినా పేలలేని పాతవాటినే. కాబట్టి మీ ఇంట్లో దాదాజాన్ బందూకు ఉంటే, కొనేవాడిని వెతకకముందు పోలీస్ స్టేషన్‌లో కాయితాల సంగతి తేల్చుకోండి. దాని కిస్సా తర్వాత తీరిగ్గా విందాం, ఇన్షా అల్లాహ్.