ఒకే ఇంటికి రెండు నెంబర్లు

పిల్లలూ, మా వీధిలో ఒక్కొక్క ఇంటికి రెండేసి నెంబర్లు ఉండేవి. మునిసిపాలిటీవారు కొత్త నెంబర్లు వేసినా పోస్టుమేను పాతవే చూసేవాడు. కంప్యూటరులోనూ ఇటువంటి తికమక ఉంటుందని నాకు 2015 వేసవి సెలవులలో తెలిసింది.

ఆ సెలవులకు హైదరాబాదులో మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. ఆమెది లినక్సు పని. 1991లో ఫిన్లండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఆ కెర్నెలును అనేక దేశాలవారు కలిసి బాగుచేస్తూ ఉంటారు. ఒకరు రాసి పంపే మార్పు పేరు ప్యాచ్. చిరుగుకు వేసే మాసిక అన్నమాట. మరొకరు దాన్ని పరిశీలించి, సరిగా ఉంటే కింద తమ పేరు రాస్తారు.

ఆ రాత్రి అమ్మాయి ముందున్నది రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటరులో పాటలు పలికించే ప్యాచ్.

"నాన్నా, పాట పలికే పరికరానికి రెండు చిరునామాలు. ప్రాసెసరుకు తెలిసినది ఒకటి. ప్రాసెసరుకు శ్రమ లేకుండా మూటలు మోసే డి.ఎం.ఏ. అనే కూలీకి తెలిసినది బస్సు చిరునామా. బస్సంటే ఇక్కడ తీగల దారి," అన్నది.

అవి చాలా పెద్ద సంఖ్యలు. మొదటి భాగం మాత్రం మన లెక్కలో చెబుతాను. ప్రాసెసరు వైపు 32, బస్సు వైపు 126. అందుచేత ప్యాచ్ రాసినాయన, 94 కలపండి అని రాసేశాడు. తన బోర్డు మీద పాట చక్కగా వినబడిందట! అమ్మాయి పేరు రాయబోయింది.

నాకు పాత సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. ఒకసారి నేను తిరిగి కూడకుండానే మార్కుల పట్టీ మీద సంతకం చేశాను. ఒక పిల్లవాడికి 43కు బదులు 34 పడింది. వాడు పరీక్ష తప్పాడని వాళ్ళ నాన్న బడి మానిపించి పనిలో పెట్టాడు. తప్పు తెలిసి నేను పరుగెత్తేసరికి నెల గడిచిపోయింది.

"అమ్మా, అన్ని బోర్డులలోనూ 32యేనా?" అని అడిగాను.

ఆమె కాగితాలు వెతికింది. "మొన్న ఫిబ్రవరిలో వచ్చిన రెండో రకంలో 63. బస్సు వైపు మాత్రం అదే 126."

"63కు 94 కలిపితే 157 గదా!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. 157లో ఆ పరికరమే లేదు. కూలీ మూటను తీసుకుపోయి ఎక్కడ దించుతాడు?

బోర్డులో ఏ పరికరం ఎక్కడున్నదో తెలిపే పట్టిక ఒకటి ఉంటుంది. బస్సు చిరునామా అందులో ఉండనే ఉన్నది. కూడికలు మాని, దాన్నే చదువుకోమని అమ్మాయి మర్యాదగా జవాబు రాసింది. నాలుగు రోజులకు ప్యాచ్ సరిగా తిరిగి వచ్చింది.

"నాన్నా, నీ పేరు కూడా రాయనా?" అన్నది.

"వద్దమ్మా, మిగతా వరుసలు నేను చదవలేదు," అన్నాను.