నవ్వలేదు

ఫొటోగ్రాఫర్లకి లోకంలో ఒక్కటే మాట వచ్చు: "కొంచెం నవ్వండి!"

చిన్న మంగళారంలో మా అక్క చిన్నకూతురి పెళ్లి. ఆ మహానుభావుడు వధూవరుల్ని వదిలేసి, పెద్దకూతురి బిడ్డ వెంటపడ్డాడు. "నవ్వు బిడ్డా! గింత బెట్టేంది?" ఏడేళ్ల పిల్ల నవ్వలేదు.

ఈ మాటకి మన భాషలో రెండర్థాలు చూశారా? నవ్వకుండా ఊరుకుంది అనీ, నవ్వడం చేతకాదు అనీ. లోకం మొదటిదే పట్టుకుంటుంది. నేనేం తక్కువ తిన్నానా? నేనంటే ఆ పిల్లకి గిట్టదని రెండేళ్లు అలిగాను!

దాన్ని మోబియస్ సిండ్రోమ్ అంటారు. 1888లో పాల్ మోబియస్ అనే జర్మన్ వైద్యుడు వివరించాడు. మెదడు నుంచి బయల్దేరే నరాల్లో ఆరోదీ, ఏడోదీ తల్లి కడుపులోనే సరిగా ఎదగవు. కళ్లు పక్కలకి తిరగవు, ముఖం కదలదు. 'అమ్మా' అనాలంటే పెదవులు కలవాలి కదా, అదీ కష్టమే. తొడ కండరం కొంత తీసి చెంపలో అమర్చే ఆపరేషన్ కొందరికి నవ్వు తెస్తుంది. కారణం మాత్రం డాక్టర్లకే పూర్తిగా అంతుపట్టలేదు. మాకు పట్టింది! గ్రహణం నాడు బయట తిరిగిందని తల్లిని ఆడిపోసుకున్నాం.

ఆ సాయంత్రం అడిగాను: "నీకు నవ్వొస్తే ఏం జేస్తవ్ బిడ్డా?"

నా డొక్కలో గిలిగింతలు పెట్టింది. "నాది గూడ నువ్వే నవ్వు తాతా!"

అప్పట్నుంచీ ఇద్దరి నవ్వూ నేనే నవ్వుతున్నాను. ఈ వయసులో ఆ ఇకిలింపేమిటని మా ఆవిడ విసుక్కుంటోంది.