గోత్రం మారని దత్తత

దత్తత పోయినవాడికి గోత్రం మారుతుంది. పెళ్ళయిన ఆడపిల్లకీ మారుతుంది. ఇవి మన ఇళ్ళల్లో తరతరాలుగా జరుగుతున్నవే కనుక ఎవరూ వింతపడరు. గోత్రం అలాగే వుండి దేశం మారిపోవడం మాత్రం మా ఇంటికి కొత్త. మా పెద్దవాడు 2022 సెప్టెంబరులో అమెరికా పౌరుడయ్యాడు.

ఆ కబురు ఫోనులో విన్న రోజున మా అమ్మ ఒకటే ప్రశ్న వేసింది: "మనవడు మనవాడు కాకుండా పోవడమేమిట్రా?"

88 ఏళ్ళ మనిషికి 1955 నాటి పౌరసత్వ చట్టం, అందులో తొమ్మిదో సెక్షనూ విప్పి చెప్పడం నావల్ల అయ్యే పనేనా? పరాయి దేశపు పౌరసత్వం తనంత తాను పుచ్చుకున్న క్షణాన ఇక్కడిది దానంతటదే పోతుంది. దరఖాస్తు పెట్టనక్కర్లేదు, నోటీసు రాదు. పూర్వపు ధర్మశాస్త్రంలో ద్వ్యాముష్యాయణుడని ఒకడుండేవాడు. కన్నతండ్రికీ కొడుకే, పెంచుకున్న తండ్రికీ కొడుకే. పౌరసత్వంలో అలాంటి ఏర్పాటుకు ఒప్పుకునే దేశాలున్నాయి. మన దేశం ఒప్పుకోదు. చిత్రమేమంటే, పాత దేశం మీది విధేయత వదులుకుంటున్నానని అక్కడ ప్రమాణం చేయిస్తారే గాని, నీ పాత పాస్‌పోర్టు ఏదీ అని అమెరికా వాళ్ళు అడగరు. అడిగేది మనవాళ్ళే.

వాడు ఎందుకు తీసుకున్నాడంటారా? గ్రీన్‌కార్డు వచ్చి అయిదేళ్ళు దాటింది. పిల్లలిద్దరూ అక్కడే పుట్టి పుట్టుకతోనే అమెరికన్లయ్యారు. అన్నిటినీ మించి, తల్లిదండ్రుల్ని శాశ్వతంగా దగ్గరికి పిలిపించుకునే హక్కు అక్కడ పౌరులకే వుంది, గ్రీన్‌కార్డు వాళ్ళకు లేదు. అంటే మా కోసమే మా దేశం వదిలాడన్నమాట! ఈ మాట వాడు చెప్పినప్పుడు మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను పేపరు తిరగేశాను.

అక్టోబరులో అమ్మ పెరట్లో జారిపడింది. తుంటి విరిగింది. ఆ రాత్రే ఫోను చేస్తే, "బయల్దేరతాను నాన్నా" అన్నవాడు గంట తరవాత మళ్ళీ చేసి, "రావడానికి కాగితం లేదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఇరవయ్యేళ్ళుగా వస్తూ పోతూ వున్నవాడికి కాగితం లేకపోవడమేమిటి? భారత పాస్‌పోర్టు చేతిలోనే వుందిట. కాని ప్రమాణం చేసిన తరవాత దాన్ని వాడడం నేరం. అమెరికా పాస్‌పోర్టుకు పెట్టుకున్న దరఖాస్తు ఇంకా తెమలలేదు. అది వస్తేగాని వీసాకు పెట్టుకోవడానికి లేదు. రెండు దేశాల మధ్య ఆ కొద్ది వారాలూ మావాడు రేవు దాటుతూ నడి గోదావరిలో నిలిచిపోయిన పడవలో మనిషిలా వున్నాడు. ఇటువాళ్ళు వదిలేశారు, అటువాళ్ళు ఇంకా చెయ్యి అందించలేదు. ఇందులో ఫలానావారి తప్పని చెప్పడానికీ లేదు.

నాలుగోనాటి రాత్రి అమ్మ పోయింది. "పెద్దాడు బయల్దేరాడా?" అని మధ్యాహ్నం కూడా అడిగింది. బయల్దేరాడని చెప్పాను. ఆ అబద్ధం చెప్పినందుకు నాకిప్పటికీ విచారం లేదు.

అత్యవసరం కింద పాస్‌పోర్టూ, వీసా సంపాదించి వాడు పదోరోజు పొద్దున్నకి అమలాపురం చేరాడు. కాలవగట్టున తడిబట్టలతో కూర్చుని ధర్మోదకాలు వదిలాడు. పురోహితుడు గోత్రం అడిగాడు. వాడు చెప్పాడు. ఇంకే కాగితమూ అడిగినవాళ్ళు లేరు.

ఆ తరవాత వాడికి ఓసీఐ కార్డు వచ్చింది. 2006 జనవరిలో మన హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభలోనే ఆ పథకానికి శ్రీకారం చుట్టారు. పేరులో పౌరసత్వమని వుంటుంది గాని పౌరసత్వం కాదు. జీవితాంతం పనిచేసే వీసా అనుకోండి. ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్ళయినా వుండవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. ఓటు లేదు.

ఓటు సంగతికి వస్తే, విదేశంలో వుండే పౌరులు కూడా ఓటర్లుగా నమోదయ్యేలా 2010లో చట్టం మార్చారు. అయితే స్వయంగా వచ్చి వెయ్యాలి. మావాడు 2019 ఏప్రిల్ 11న పనిగట్టుకుని వచ్చి వేసి, సిరా వేలు అందరికీ చూపించుకు తిరిగాడు. 2024 ఎన్నికల ముందు జాబితా సరిచూడడానికి ఒకమ్మాయి ఇంటికి వచ్చింది. అమ్మ పేరు కొట్టించాను. తరవాత వాడి పేరు చెప్పాను. "అయ్యో, ఆయనకేమైంది మాస్టారూ?" అంది పాపం. ఏమీ కాలేదమ్మా, క్షేమంగానే వున్నాడని చెప్పేసరికి నాకే ఎలాగో అయిపోయింది.

ఇక పొలం. మా నాన్నగారి నాటి రెండెకరాల వరిచేను వుంది. చెరో ఎకరం ఇద్దరు పిల్లల పేరా నా చేతులతోనే దానసెటిల్‌మెంటు రాసేద్దామని దస్తావేజు లేఖరి దగ్గరకు వెళ్ళాను. కాకినాడలో వున్న మా అమ్మాయి వాటాకు పేచీ లేదు. పెద్దవాడి పేరు చెప్పగానే ఆయన కలం కింద పెట్టాడు. విదేశాల్లో వుండే ఓసీఐ కార్డువాళ్ళు సాగుభూమి కొనకూడదు, దానంగానూ పుచ్చుకోకూడదు. వారసత్వంగా అయితే రావచ్చును. అమ్ముకోదలిస్తే ఇక్కడ నివాసముండే భారత పౌరులకే అమ్మాలి. న్యాయానికి, విదేశంలో వున్నంతకాలం భారత పౌరులకూ యీ నిబంధన వుంది, కనుక దీన్ని పౌరసత్వం ఖాతాలో రాయడం తగదు. ఏమైతేనేం, నేను బతికుండగా ఇవ్వలేనిది, పోయాక వాడికి చెందుతుంది. విల్లు రాయించాను.

వెనక్కి రావడానికి దారి బొత్తిగా మూసుకుపోలేదు. ఓసీఐగా అయిదేళ్ళు నిండి, దరఖాస్తుకు ముందు ఏడాదిపాటు ఇక్కడ నివసిస్తే మళ్ళీ భారత పౌరసత్వం అడగవచ్చు. అప్పుడు అక్కడిది వదులుకోవాలి. ఈ మాట వాడితో అంటే, "చూద్దాం నాన్నా" అన్నాడు. మా ఇంట్లో "చూద్దాం" అంటే అర్థమేమిటో మా ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు.

పోయిన వారం మా ఇద్దరికీ గ్రీన్‌కార్డు కోసం కాగితాలు పంపించాడు. ఆవిడ బజారుకు వెళ్ళి తన ఫొటో తీయించుకొచ్చింది. స్టూడియో వాడు రాత్రి ఎనిమిదిదాకా తీసే వుంచుతాడుట, నన్నూ వెళ్ళి రమ్మంటోంది.