నల్లగండ్ల: రాతినేలలో మెట్టతామర

ఒకవైపు 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయపు విశాలమైన వనభూమియు, మరియొకవైపు లింగంపల్లి రైల్వే స్టేషనును, నడుమ తన పేరిటనే పిలువబడు చెరువును గల నల్లగండ్ల, మొన్నమొన్నటి వరకు శేరిలింగంపల్లి మండలములోని ఒక సామాన్యమైన పల్లె. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట, అచటి ఐటీ కొలువులకు పోవువారికి నివాసములు కావలసి వచ్చి, అపార్టుమెంట్ల వరుసలు గచ్చిబౌలిని దాటి క్రమముగా ఇచటికి వ్యాపించినవి. ఇది గ్రానైటు నేల. దానిపై పేరుకొనిన మన్ను పలుచన. కురిసిన వాన నేలలో ఇంకక పల్లమునకు పరుగెత్తుటయు, ఆ పల్లపు దారులే నేడు కాంక్రీటు క్రింద మరుగుపడుటయు ఇచటి ముఖ్యమైన చిక్కు.

ఇట్టి చోట ఏ మొక్కను పెంచవలెనని అడిగినవారికి నేను మెట్టతామరనే చెప్పుదును. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములు దీని జన్మభూమి యైనను, మన పెరటి కాలువల గట్టులపై తరతరములుగా పెరిగి ఇది మనదే యైపోయినది. అరటియాకును తలపించు దీని ఆకు చుట్టగా వెలువడి మెల్లగా విప్పారును. ఇక పువ్వును దగ్గరగా పట్టి చూడుడు: ఎర్రగా, పచ్చగా మెరయుచు మనకు రేకులుగా తోచునవి రేకులే కావు, రేకుల రూపము దాల్చిన కేసరములు, అసలు రేకులు వాని క్రింద సన్నగా, ముడుచుకొని యుండును. గరుకైన కాయలోని నల్లని గింజ ఎంత గట్టిదనగా, రాతిపై అరగదీసి రాత్రంతయు నానవేసిన గాని సులభముగా మొలవదు. అందుచేత దుంపను నాటుటయే మేలు.

తొలకరికి ముందు, కన్ను గల దుంపముక్కను రెండు మూడంగుళముల లోతున, పశువుల యెరువు కలిపిన మట్టిలో, మొక్కకు మొక్కకు అడుగున్నర యెడముతో నాటవలెను. పూత ముగిసిన కాడను మొదలంట కోసినచో ప్రక్కపిలకలు బలముగా లేచును. చలిదేశములవారు శీతకాలమునకు ముందు దుంపలను త్రవ్వి దాచుకొందురు. మనకు ఆ శ్రమ లేదు, రెండు మూడేండ్లకొకసారి గుబురును విడదీసిన చాలును. కుండీలో పెంచువారు దానిని హాలులో మూలన పెట్టినచో ఆకులే గాని పూలు రావు. దినమునకు ఆరుగంటల యెండ తగులు బాల్కనీలో, పెద్ద కుండీలో, వేసవియందు నిత్యము నీరు పోయుచు పెంచవలెను. పై అంతస్తుల గాలికి ఆకులు చీలిపోవును గనుక అచట పొట్టిరకములే తగును. ఆకులపై పసుపుచారలు బయలుదేరినచో (స్వభావముగనే చారలు గల రకముల మాట వేరు) అది వైరస్ తెగులు; మందు లేదు, దుంపతో సహా పెరికివేయవలెను.

అయినను దీని నిజమైన స్థానము నీరు నిలుచు చోటనే యని నా నమ్మకము. దీని వేళ్లు మురుగునీటిలోని నత్రజనిని, భాస్వరమును పీల్చుకొనును. మణికొండ సమీపమున నెక్నాంపూర్ చెరువులో 2018లో తేలియాడు తోటను ఏర్పరచినప్పుడు, నాటిన మొక్కలలో మెట్టతామరయు కలదు. ఒక్క మొక్కవలన చెరువు బాగుపడదు. మురుగు వచ్చి చేరుట ఆగవలెను. కాని శుద్ధిచేసిన నీటిని తోటకు మరల్చు ప్రతి అపార్టుమెంటు సముదాయమును, ఆ నీరు పారు కాలువ పొడవున, ఈ తొలకరికి ఒక వరుస మెట్టతామరను నాటవలెనని నల్లగండ్ల వాసులకు నా మనవి. దుంపలు కొననక్కరలేదు, గుబురు పెరిగిన పొరుగువారిని అడిగిన సంతోషముగా ఇత్తురు.