ఎవరిది అని అడగడం

ఆశ్రమ పాఠశాలలో ఇంగ్లీషు చెప్తాను. ‘నీకు గొడ్డలి ఉందా?’ అని మన పిల్లలు సులువుగా అడుగుతారు. అదే ఇంగ్లీషులో ‘డూ యూ హ్యావ్’ అనాలంటే తడబడతారు. మన మాటలో వస్తువు మనకు ‘ఉంటుంది’. ఇంగ్లీషులో మనిషే దాన్ని ‘కలిగి ఉంటాడు’. ఎవరిదో తెలియాలంటే ‘హూజ్’ అని అడగాలి. ఒక్కరమే ఉన్నా మనం ‘మా అమ్మ, మా ఇల్లు’ అంటాం. అక్కడ ‘మై’ అనాలి. మా, మన అనే రెండింటికీ ‘అవర్’ ఒక్కటే.

కిటికీలోంచి గుట్టను చూపించి ‘హూజ్ హిల్ ఈజ్ దట్?’ అన్నాను.

‘అవర్స్’ అంది ఐదో తరగతి పిల్ల.

‘మాదా, మనదా?’

‘మనది సార్. మీది కూడా.’

2006 అటవీ హక్కుల చట్టంలోనూ ఈ రెండూ ఉన్నాయి. సాగు చేసుకునే కుటుంబానికి 4 హెక్టార్ల వరకు పట్టా, ఊరందరికీ కలిపి అడవి మీద సామూహిక హక్కు. మా ఊళ్లో పోడుకు దరఖాస్తులు పెట్టారు. గుట్టకు ఎవరూ పెట్టలేదు. అందరిదీ కదా, అడగడమెందుకు అనుకున్నారు.

‘ఈ భూమి ఎవరిది?’ అని ఇన్నాళ్లూ ఆఫీసర్లే మనల్ని అడిగారు. ఆ ప్రశ్న మన పిల్లలు కూడా అడగాలి. అందుకే ‘హూజ్’ పాఠం రెండుసార్లు చెప్తాను.