మట్టికీ కావాలి మూత!

రాగి సంగటి గిన్నెకు మూత పెట్టడం మరిచిపోతే ఏమవుతుందో మనకెవరూ చెప్పక్కర్లేదు. కాసేపటికే పైన ఎండి చెక్కు కడుతుంది. మరి ఎండాకాలం చేలో మట్టికి మూత ఎవరు పెట్టాలి? ఈ ప్రశ్న నాకు తట్టేసరికి మా మామిడి మొక్కలు పద్నాలుగు ఎండిపోయాయి.

మా అత్తగారి ఊరు పాకాల దగ్గర. వాన పడితేనే పంట. శెనక్కాయ వేసి వేసి నష్టపోయి, ఒక ఎకరంలో నలభై మామిడి మొక్కలు నాటాం. ఆ యేడు మార్చికే బోరు ఎండింది. బిందెలతో మోసి పోసినా, మూడో రోజుకే మట్టి నెర్రెలు విచ్చేది. చచ్చిన మొక్కలు పీకుతుంటే ఏడుపొచ్చింది.

అప్పుడే మా పొదుపు సంఘం మీటింగుకు ప్రకృతి సేద్యం నేర్పే అమ్మాయి వచ్చింది. మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన పని అది. "అక్కా, మొక్క చుట్టూ గడ్డి కప్పండి. దీన్నే ఆచ్ఛాదన అంటాం" అంది. ఎండ నేరుగా మట్టిని తాకదు, గాలి తేమను లాక్కుపోదు, వెలుతురు అందక కలుపు తగ్గుతుంది. చివరికి ఆ గడ్డే చివికి ఎరువవుతుంది.

ఇంట్లో చెబితే మా అత్త ఊరుకుంటుందా? "ఏందిమే, ఆవులకే కసువు లేదంటే చెట్లకు పరుస్తావా?" అనింది. ఆమె మాటా నిజమే. శెనక్కాయ కట్టె పశువుల నోటి ముందరి కూడు. అందుకే ఆవులు మేసి వదిలేసిన గడ్డి, శెనక్కాయ పొట్టు, పక్క చేలో తగలబెట్టబోయే చెరకు ఆకు పోగు చేశాను.

మొదట్లో తెలియక మొదలుకు ఆనించి కుప్పగా వేశాను. చెదలు పట్టి ఇంకో రెండు మొక్కలు పోయాయి! నాలాగా మీరు పొరపాటు చేయకండి. మొదలుకు జానెడు ఖాళీ వదలండి. ముందు మట్టిని బాగా తడిపి, లేదా మంచి వాన పడ్డాక, నాలుగు వేళ్ళ మందాన పరవండి. ఎండిన నేల మీద పరిస్తే చిన్న జల్లు గడ్డిలోనే ఆగిపోతుంది, వేరుకు అందదు. తేళ్ళు, పాములు చేరవచ్చు గనక కర్రతో కదిపి చూశాకే చెయ్యి పెట్టండి. బీడీ నిప్పు దగ్గరికి రానివ్వకండి.

మూడు రోజులకోసారి పోసే నీళ్ళు వారానికోసారి పోస్తే సరిపోయాయి. ఇరవై నాలుగు మొక్కలు బతికాయి. చేను లేదంటారా? మేడ మీద మల్లె కుండీలో ఎండుటాకులో, శెనక్కాయ పొట్టో కప్పి చూడండి. పొద్దున పోసిన తడి సాయంత్రానికీ వేలికి తగులుతుంది.

మొన్న మా ఆయన అగ్గిపెట్టె తీసుకుని చెరకు చేనువైపు పోతుంటే మా అత్త కేకేసింది: "ఒరే, ఆ ఆకు కాల్చొద్దురా, కోడలికి కావాల!"