అతినిద్ర

మా తరగతిలో నొక బాలుడు కోనసీమ లంకనుండి పడవపై గోదావరి దాటి వచ్చుచుండెను. లెక్కలలో వానికి సాటి లేడు. ఒకమారు పదిదినములు బడికి రాక, పిదప వచ్చి, “నిద్రపోతినండి” యనెను. మేము నమ్మలేదు. కుంభకర్ణుడని పిలిచి బల్లపై నిలువబెట్టితిమి, తరగతియంతయు నవ్వెను.

మూడు మాసములకు మరల నట్లే జరుగగా వాని యింటికి పోతిమి. తల్లి లేపి ముద్దలు తినిపించుచుండెను. వాడు మమ్ము తెలియనివారిని చూచినట్లు చూచి, విసుగుకొని, మరల నిద్రించెను. “ఎవరో చిల్లంగి పెట్టినారు మాష్టరుగారూ” అని యామె యేడ్చెను.

ఇతర వ్యాధులేవియు కావని పరీక్షించినమీదట కాకినాడ వైద్యులు దీనిని క్లైన్-లెవిన్ వ్యాధి యనిరి. 1925లో జర్మను వైద్యుడు క్లైన్, 1936లో లెవిన్ దీనిని వర్ణించిరి. 10 లక్షలలో ఒకరిద్దరికి వచ్చును. హెచ్చుగా మీ యీడు బాలురకే. కొన్ని దినములో, వారములో, దినములో హెచ్చుభాగము నిద్ర; మేల్కొన్నను కలలో నున్నట్లుండును; నడుమ మాసములలో ఏ లోపమును కానరాదు. మేము సోమరితనమనుకొన్నది ఇందువలననే! కారణమింకను తేలలేదు. పెక్కురకు కొన్నియేండ్లకు తగ్గును.

వాడు మరల వచ్చిననాడు తరగతియెదుట మాదే తప్పని చెప్పితిమి. వాడు తలవంచుకొని, “ఏ లెక్కవరకు అయినదండీ?” యని యడిగెను.